రాహుకాలంలో ఫైనల్

ఇండోర్ స్టేడియం చరిత్ర రాసిపెట్టమని ఒక విశ్వవిద్యాలయం వారు నన్ను అడిగారు. రాయమని ఎవరైనా అడిగితే కాదనే అలవాటు నాకు లేదు. అడగకపోయినా రాసే అలవాటు మాత్రం ఉంది. ఆ విశ్వవిద్యాలయం మా గోదావరి డెల్టాలోనే, కాకినాడ నుంచి ద్రాక్షారామం వెళ్లే బస్సు మధ్యలో దిగి, కాలవ గట్టున కొంత దూరం ఆటోలో పోతే వస్తుంది. పేరు చెప్పను. అక్కడ నాకు పెట్టిన భోజనం బాగుంది.

ఊళ్లు తిరగడం నాకున్న మొదటి జబ్బు, పుస్తకాలు చదవడం రెండోది. రెండూ ఒకడికే తగిలితే వాడు ఏ పనికీ తిన్నగా పోలేడు. స్టేడియం చరిత్ర అనగానే నేను స్టేడియానికి వెళ్లలేదు. రాజమండ్రిలో ఒక పాత గ్రంథాలయంలో కూర్చుని గ్రీకుల వ్యాయామశాలలతో మొదలుపెట్టాను. అక్కడి నుంచి రోము, రోము నుంచి చాళుక్యుల కాలపు మల్లయోధులు, వాళ్ల నుంచి ధవళేశ్వరం ఆనకట్ట. ఆనకట్ట ఎందుకొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు గాని దానికొక అధ్యాయమే పడింది. పుస్తకం దాదాపు పూర్తయి అచ్చుకు కూడా వెళ్లడం మొదలయ్యాక, మర్యాదకైనా ఆ స్టేడియాన్ని ఒకసారి చూడాలి కదా అనిపించి సంచి భుజాన వేసుకున్నాను.

వెళ్లి పెద్ద తలుపు తట్టాను. కాసేపు తట్టాను. కొబ్బరిచెట్టు నీడలో కుర్చీ వేసుకున్న అటెండరు ఆ తతంగమంతా ఓపిగ్గా చూసి, ఇక నా చెయ్యి నొప్పెడుతుందని జాలిపడ్డాడు కాబోలు, లేచి వచ్చాడు. అతని పేరు చిట్టియ్య.

"అది తలుపు కాదండి. తలుపులా ఉంటుందండి, అంతే. దక్షిణం పనికిరాదని ఒక వీసీ గారు లోపల గోడ కట్టించేశారండి."

"మరి తూర్పున ఇంకోటి కనిపిస్తోంది?"

"దానికి కరెంటు స్తంభం అడ్డమని తర్వాతొచ్చిన వీసీ గారు మూయించేశారండి. ఇప్పుడు ఈశాన్యం మూల నుంచి వెళ్లాలండి. కాస్త వంగండి, తల తగులుద్ది."

వంగాను. మహా క్రీడాప్రాంగణాల గురించి అన్ని పేజీలు రాసినవాడు కోళ్లగూట్లో దూరినట్టు ఒక క్రీడాప్రాంగణంలోకి ప్రవేశించాడు.

లోపల ఆడపిల్లలు షటిల్ ఆడుతున్నారు. చెక్క నేల మీద బూట్ల కీచుమోత. "రోజూ ఇలా ఆడుతుంటారా?" అని అడిగాను.

"రోజూ ఎక్కడండీ. మూఢం కదండీ ఇప్పుడు," అన్నాడు చిట్టియ్య. "పెళ్లిళ్లుండవు. అందుకని ఆడుకుంటున్నారండి."

శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయే రోజులను మూఢం అంటారనీ, అప్పుడు మనవాళ్లు శుభకార్యాలు చేయరనీ నాకు తెలుసు. గ్రహచారం మీద నమ్మకాలను వెక్కిరిస్తూ వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేశాను. అయితే శుక్రుడు మరుగైతే తప్ప ఒక విశ్వవిద్యాలయంలో షటిల్ ఎగరదని ఆ పుస్తకంలో రాయలేదు. తెలియక.

ఆ సంగతి తెలిసిన మనిషి గ్యాలరీ మెట్ల కింది గదిలో ఉన్నారు. దేవకుమారి గారు, విశ్వవిద్యాలయం ఫిజికల్ డైరెక్టరు. నీలం అంచు నేత చీర, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. ఆమె వెనక గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ఒకటి లూథరన్ చర్చి వారిది, నెలకో బైబిలు వాక్యం ఉన్నది. రెండోది తిథులు, వర్జ్యాలు, రాహుకాలాలు అన్నీ ఉన్న మామూలు తెలుగు క్యాలెండరు. వాక్యాల క్యాలెండరు శుభ్రంగా ఉంది. తిథుల క్యాలెండరు నిండా ఎర్ర పెన్సిలు గీతలు.

"కూర్చోండి మాస్టారూ," అన్నారామె. నేను ఎవరికీ ఎప్పుడూ పాఠం చెప్పలేదు. మా జిల్లాల్లో గడ్డం తెల్లబడి చేతిలో సంచి ఉంటే చాలు, మాస్టారే.

నా చూపు క్యాలెండరు మీద ఉండటం ఆమె గమనించారు. "ఆశ్చర్యపోకండి. మా ఊళ్లో పాస్టరు గారూ ఇలాగే చూసేవారు. ముహూర్తాలున్న రోజు ఈ హాలు పెళ్లివారిది. లేని రోజు నాది. ఎప్పుడు ఏదో తెలియకపోతే నేను పిల్లల్ని ఎక్కడ ఆడించనండి? ఆషాఢం, శూన్యమాసం, మూఢం, ఇవే నా సీజన్లు. పంతులు గారు ఒకాయన ఏకంగా నాకు ఫోన్ చేసి అడుగుతారు, అమ్మా మూఢం ఎప్పుడు వదులుతుందని."

దేవకుమారి గారిది నరసాపురం. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల టీచరు, తల్లి లేసు అల్లేవారు. ఇంటి వెనక ఖాళీ జాగాలో ఆడుకోవడానికి నెట్టు కావాలని పిల్ల ఏడిస్తే, తల్లి లేసు దారంతోనే నెట్టు అల్లి ఇచ్చిందట. చెయ్యి ఊరుకోక మధ్య మధ్య పువ్వులు కూడా పెట్టింది. షటిల్ పువ్వుకు తగులుకుంటే ఎవరి పాయింటు అన్న తగువు తండ్రి దగ్గరికి వెళ్లేది. ఆయన లెక్కల మాస్టారు గనక సగం సగం ఇచ్చేవారు.

"అరపాయింట్లతో ఆట నేర్చుకున్నదాన్ని నేను," అని నవ్వారు.

ఆ పిల్ల పెరిగి ఈ విశ్వవిద్యాలయంలో చదువుకు వచ్చిన ఏడే ఈ ఇండోర్ స్టేడియం కట్టడం పూర్తయింది. ప్రారంభోత్సవం రోజున మహిళల సింగిల్స్ ఫైనల్ పెట్టారు. ఒక పక్క దేవకుమారి. తను గెలిచే స్థితిలో ఉండగా ముఖ్య అతిథి ముందుగా వచ్చేశారు. విజిలు వేసి ఆట ఆపించారు. దీపం వెలిగించారు, కోర్టు నడి మధ్యన కొబ్బరికాయ కొట్టారు, ఉపన్యాసాలు చెప్పారు. ఉపన్యాసాలయ్యేసరికి నెట్టు విప్పేసి భోజనాలకు బల్లలు వేసేశారు. ఆ ఆట మళ్లీ మొదలు కాలేదు.

"అవతలి అమ్మాయి?"

"పెళ్లయి కాకినాడలో ఉందండి. ఫోన్లో పలకరించుకుంటూ ఉంటాం. ఆ ఆట నేనే గెలిచేదాన్నని ఇద్దరం అనుకుంటూ ఉంటాం."

చదువయ్యాక శిక్షణ పొంది ఆమె ఇక్కడే ఉద్యోగంలో చేరారు. అప్పటి నుంచీ ఆమె జీవితమూ స్టేడియం చరిత్రా ఒకటే. ప్రాక్టీసులు జరిగాయి, చిన్న పోటీలు జరిగాయి. ఫైనల్ మాత్రం, ఏ ఏడు ఏర్పాటు చేసినా, ఏదో ఒకటి వచ్చి కూర్చునేది. ఒకసారి తుపానుకు కొంపలు మునిగినవాళ్లు. ఒకసారి ఓట్ల పెట్టెలు, వాటి చుట్టూ తుపాకుల పోలీసులు. ఒకసారి ఇంజనీరింగ్ కౌన్సెలింగు. మొన్నటి రోగం రోజుల్లో నిండా మంచాలు.

"తుపానుకీ రోగానికీ నేనెప్పుడూ బాధపడలేదండి. ఆ మంచాలు నేనే దగ్గరుండి వేయించాను. మిగతావాటికే కడుపు మండేది." అలా అంటూ కిటికీలోంచి కోర్టు వైపు చూశారు. "ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. ఒక్క ఫైనల్ మాస్టారూ. ఈ కప్పు కింద మొదలై ఈ కప్పు కిందే అయిపోవాలి. ఎవరు గెలిచినా సరే."

అందుకు ఆమె చేసిన ఏర్పాటు పకడ్బందీగా ఉంది. అంతర్ కళాశాలల మహిళల ఫైనల్ మూఢంలో పడేలా తేదీ పెట్టించారు. ఒక మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు. పెళ్లివారి బెడద లేదు. క్రిస్మస్‌కు ముందే జరిపే సెమీ క్రిస్మస్ పండగ చేసుకుంటామని సొంత చర్చి వాళ్లే ఆ రోజుకు హాలు అడిగితే, పాస్టరు గారితో పోట్లాడి వేరే చోటికి పంపించారు. ఫైనల్‌కు వచ్చే ఇద్దరు పిల్లలు ఎవరో కూడా తేలింది. కాకినాడ కాలేజీ నుంచి సుప్రియ, నరసాపురం కాలేజీ నుంచి తబిత.

నేను మెచ్చుకుని, ఆ ముచ్చటంతా పుస్తకంలో ఎక్కడ ఇరికించాలా అని ఆలోచిస్తూ గెస్ట్‌హౌసుకు వెళ్లాను. అక్కడ నా కోసం ఒక కవరు ఉంది. ఆహ్వానపత్రిక. నేను రాసిన స్టేడియం చరిత్ర పుస్తకావిష్కరణ, దాంతోపాటు నాకు ఘన సన్మానం. నా పేరు ముందు రెండు బిరుదులు కనిపించాయి. ఎవరిచ్చారో తెలియదు, అడగడం బాగుండదని ఊరుకున్నాను. కార్డును దగ్గర పెట్టుకుని ఒకసారి, దూరంగా పట్టుకుని ఒకసారి చూసుకున్నాను. అప్పుడుగాని కింది వరుస చదవలేదు. మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు, ఇండోర్ స్టేడియం.

కార్డు తీసుకెళ్లి దేవకుమారి గారి చేతిలో పెట్టాను. ఆమె పూర్తిగా చదివారు.

"శుభాకాంక్షలండి మాస్టారూ," అన్నారు. తర్వాత క్యాలెండరు వైపు తిరిగి, "సన్మానాలకి మూఢం లేదు. ఆ సంగతి మర్చిపోయాను," అన్నారు.

"మరి ఫైనల్?"

"బయట పాత సిమెంటు కోర్టుంది కదండీ. గాలికి షటిల్ తూర్పుగోదావరిలో కొడితే పశ్చిమగోదావరిలో పడుతుంది. ఆడతారు లెండి, వాళ్లకి అలవాటే."

ఆమె ఒక్క మాట కూడా నన్ననలేదు. అందువల్ల త్యాగం చేయాలనే బుద్ధి నాకు పుట్టింది. ఇంట్లో బీరువా నిండా శాలువాలున్నాయి. ఎవరికైనా ఇద్దామంటే వాళ్ల బీరువాల్లోనూ అవే. ఇంకొకటి లేకపోతే నాకేం తక్కువ? ఈ వాక్యాన్ని దారి పొడుగునా గంభీరంగా సాధన చేసుకుంటూ రిజిస్ట్రారు సత్యప్రసాద్ గారి గదికి వెళ్లాను.

"సన్మానం నాకు వద్దండి," అన్నాను.

ఆయన ఫైలు మీంచి తలెత్తలేదు. "అలాగేనండి. రాలేకపోతే శాలువా కొరియర్లో పంపిస్తాం."

"నేను లేకపోతే ఫంక్షన్ ఎలాగండీ?"

"మాజీ వీసీ గారు ముఖ్య అతిథి సార్. ఆయన గంట మాట్లాడతారు. ఇంకో ఇద్దరు పెద్దలున్నారు. మీరొస్తే మంచిదే. రాకపోయినా ఇబ్బందేం లేదండి. టిఫిన్లు కూడా చెప్పేశాం."

నా త్యాగం బల్ల మీద అలా పడి ఉంది. ఎవరూ దాన్ని తీసుకోలేదు. నేనే తీసుకుని జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

జరిగింది చెబితే దేవకుమారి గారు చాలాసేపు నవ్వారు. నవ్వుతూనే క్యాలెండరులో ఆ మంగళవారం మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"మాస్టారూ, మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర."

"అయితే?"

"ఈ ఫంక్షను మొదట సోమవారం అనుకున్నారు. ముఖ్య అతిథి గారికి కుదరలేదు కాబోలు, మంగళవారానికి జరిపారు. టైము మార్చడం మర్చిపోయుంటారు. సత్యప్రసాద్ గారు రాహుకాలం చూడకుండా కారు తలుపు కూడా తియ్యరండి."

"మరి వెళ్లి చెప్పండి."

"నేను చెబితే నవ్వుతారు. లూథరన్ దానివి నీకెందుకమ్మా రాహుకాలం, హాలు కావాలా అంటారు. మీరు చెప్పాలి."

"నేనా? నేనసలు వీటికి వ్యతిరేకంగా పుస్తకం..."

"అందుకేనండి. అంతటి మీకే భయమేసిందంటే ఆయనకి నిద్ర పడుతుందా?"

జీవితమంతా ఎడమచేత్తో పిల్లిని నిమురుతూ కుడిచేత్తో శకునాలను ఖండించినవాణ్ని. ఆ సాయంత్రం అదే రిజిస్ట్రారు గదిలో నిలబడి, గొంతు తగ్గించి, "రాహుకాలంలో శాలువా కప్పించుకోవాలంటే మనసు ఒప్పడం లేదండి," అన్నాను. చెబుతుంటే చెవులు వేడెక్కాయి. అబద్ధమాడుతున్నందుకు కాదు. అంత సహజంగా వచ్చినందుకు.

సత్యప్రసాద్ గారు ఈసారి తలెత్తారు. గోడ క్యాలెండరు చూశారు. లేచి నిలబడ్డారు.

"మంగళవారం. మూడింటికి. అయ్యో రామ, ఎవడూ చూడలేదా," అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. "సార్, మీరు నాస్తికులని విని మీతో కాస్త ముభావంగా ఉన్నాను. ఏమీ అనుకోకండి."

ముఖ్య అతిథి ఉదయం విమానంలో వచ్చి మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తారు గనక ముందుకు జరపడానికి లేదు. నాలుగున్నరకు మార్చారు. అంతటితో ఆగక, నాలుగున్నర దాకా హాల్లో ఒక్క కుర్చీ కూడా వేయకూడదని ఆర్డరు వేశారు. రాహుకాలంలో కుర్చీ వేసినా మొదలుపెట్టినట్టేనట. దాంతో కోర్టు ఖాళీగా దొరికింది. స్టేజీ, బ్యానర్లు మాత్రం ముందు రోజే స్టోరు గది తలుపుకు అడ్డంగా కట్టేశారు. దాని మీద అప్పుడెవరూ ఏమీ అనుకోలేదు.

మంగళవారం మూడింటికి ఫైనల్ మొదలైంది.

షటిల్ ఆటకు గాలి పనికిరాదు. ఫ్యాన్లు ఆపేశారు, తలుపు మూసేశారు. సన్మానానికని ముందే వచ్చిన పెద్దలు పట్టు లాల్చీల్లో గ్యాలరీలో కూర్చుని ఆవిరి మీద కుడుముల్లా ఉడుకుతున్నారు. అందరి చేతుల్లోనూ ఆహ్వానపత్రికలు విసనకర్రలుగా ఆడుతున్నాయి. నా రెండు బిరుదులు అంత మందికి ఒకేసారి ఉపయోగపడటం అదే మొదలు.

మొదటి గేము సుప్రియది. పొడుగు పిల్ల, కొడితే షటిల్ నేలలో దిగిపోతుందేమో అనిపిస్తుంది. రెండోది తబితది. ఈమె పొట్టిగా, నవ్వుతూ, నెట్టుకు అవతల ఈకంత దూరంలో షటిల్ రాల్చి పెడుతుంది. దేవకుమారి గారు ఎవరి వైపూ లేరు. ఆమె కళ్లు గడియారం వైపున్నాయి.

మూడో గేము నడుమలో నాలుగున్నర అయింది. సత్యప్రసాద్ గారు చేతిలో మైకుతో కోర్టు అంచుకు వచ్చారు.

"మేడమ్, ఇక చాలండి. ముఖ్య అతిథి గారు వచ్చేశారు. మిగిలింది రేపు ఆడుకుంటారు."

"రెండు నిమిషాలండి," అన్నారు దేవకుమారి గారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆ ప్రారంభోత్సవం రోజు ఆ చదువుకునే పిల్ల కూడా ఇలాగే అడిగి ఉంటుంది.

అంతలో తబిత వెనక్కి పరుగెత్తి చెమట పడిన చోట కాలు జారి కూలబడింది. దెబ్బ తగల్లేదు గాని, అంపైరు ఆట ఆపి నేల తుడవమన్నాడు. చిట్టియ్య పరుగెత్తాడు, తిరిగొచ్చాడు.

"తుడుపుకర్ర స్టోరులో ఉందండి. స్టోరు స్టేజీ వెనకాల ఉందండి."

"చూశారా," అన్నారు సత్యప్రసాద్ గారు మైకు ఎత్తుతూ. "అదే ఆగిపోయింది."

దేవకుమారి గారు స్టేజీ దగ్గరికి నడిచి, వెండిరంగు పళ్లెంలోంచి నా శాలువా తీసి, మడత విప్పి, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టారు. ఆ శాలువాలు పట్టు పేరుతో వస్తాయి గాని చుక్క నీరు పీల్చవు. జరీ అంచు చెమటను ఇటు నుంచి అటు నెట్టింది, అంతే. గౌరవం దేనికీ పనికిరాదని నాకు అనుమానం ఉండేది. అంత మంది ఎదుట రుజువవుతుందని అనుకోలేదు.

నా భుజం మీద మామూలు నేత కండువా ఉంది. బస్సుల్లో ముఖం తుడుచుకుని, సత్రాల్లో తలకింద పెట్టుకుని బాగా మెత్తబడిన గుడ్డ. గ్యాలరీ దిగి వెళ్లి నేనే మోకాళ్ల మీద కూర్చున్నాను. కూర్చోవడం వరకే నా చేతిలో ఉంది, లేవడం కాదు. ఆ కండువా చెమటంతా ఒక్క ఊపులో పీల్చేసింది.

"మాస్టారూ, మీరు లేవండి సార్, బాగుండదు," అన్నారు సత్యప్రసాద్ గారు.

"లేవలేనండి. మోకాలు పట్టేసింది." ఇది నిజమే. "వీళ్లు ఆడుకుంటూ ఉంటే నేనిక్కడే ఉండి తుడుస్తుంటాను."

ఆయన మైకు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. నేను రాకపోతే సభకు ఏ ఇబ్బందీ లేదు. కాని సన్మానం అందుకోవలసిన ముసలాడు అందరి కళ్ల ముందూ కోర్టు పక్కన చతికిలబడి నేల తుడుస్తుంటే సభ ఎలా మొదలుపెడతారు? నేను లేకపోవడానికి విలువ లేదని తెలుసు. అడ్డంగా ఉండటానికి ఇంత విలువ ఉందని ఆ రోజే తెలిసింది. గ్యాలరీ పైనుంచి మాజీ వీసీ గారు, "కానివ్వవయ్యా సత్యప్రసాదూ, సమంగా ఉన్నారు ఇద్దరూ," అని కేకేశారు. మైకు కిందికి దిగింది. ఆట మొదలైంది.

ఇరవై, ఇరవై. నేను కోర్టు అంచున పాకుతూ, పాయింటు పాయింటుకూ చుక్కలు తుడుస్తున్నాను. పనిలో పడ్డాను. మూల మీద మరో చుక్క మెరిసింది. దాన్ని అద్దుతుండగా నెత్తి మీద హాలంతా ఒక్కసారి అరిచింది. తలెత్తేసరికి పిల్లలిద్దరూ నెట్టు దగ్గర చేతులు కలుపుకుంటున్నారు.

ఆ స్టేడియంలో మొదలై అక్కడే ముగిసిన తొలి ఫైనల్, చివరి పాయింటు. దాని చరిత్రకారుడు నేల వంక చూస్తున్నాడు.

"ఎవరు గెలిచారు?" అని దేవకుమారి గారిని అడిగాను.

ఆమె నెట్టు చివర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తబిత అనుకుంటానండి," అన్నారు. తర్వాత, "అయిపోయింది మాస్టారూ," అన్నారు. ఫోను తీసి కాకినాడకు చేసి ఆ మాటే మళ్లీ అన్నారు. "అయిపోయిందే." అవతల ఎవరో నాకు తెలుసు.

సభ జరిగింది. తడి శాలువాను దులిపి నాకు కప్పారు, మెడకు చల్లగా తగిలింది. హేతువాది అయ్యుండి కూడా రాహుకాలాన్ని గౌరవించిన పెద్దమనిషిగా సత్యప్రసాద్ గారు నన్ను మైకులో పరిచయం చేశారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆవిష్కరించిన పుస్తకంలో గ్రీకులున్నారు, మల్లయోధులున్నారు, ఆనకట్ట ఉంది. ఫైనల్ మాత్రం లేదు, ముందే అచ్చయిపోయింది. అది ఇక్కడ రాసుకుంటున్నాను.

బయలుదేరేటప్పుడు ఈశాన్యం తలుపు దగ్గర వంగుతూ, కండువా గుర్తొచ్చి చిట్టియ్యను అడిగాను.

"తుడుపుకర్రకి కట్టేశానండి," అన్నాడతను. "మేడమ్ గారు చెప్పారండి, ఇక ఇది స్టోరులో పెట్టొద్దు, కోర్టు పక్కనే ఉంచమని. మీకు కావాలాండి?"

అక్కర్లేదన్నాను. బస్సులో ముఖం తుడుచుకోవడానికి శాలువా తీశాను గాని, అది పనిచేయదని వెంటనే గుర్తొచ్చింది.